ఒంటరిగా బతికే కణం, పక్కన ఇంకో రకం కణం ఉంటే ఎందుకు చస్తుంది?

జీవశాస్త్రం టీచర్:

నేను తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. మొన్న కణజాలాల పాఠంలో ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను, ఒకే రకం కణాలు ఒకచోట చేరి కలిసికట్టుగా ఒకే పని చేస్తే దాన్ని కణజాలం అంటారని. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి "కలిసికట్టుగానే ఉంటాయా మేడమ్, వాటిలో అవి కొట్టుకోవా?" అంది. తెల్ల రక్తకణాలు వైరస్ సోకిన కణాలను చంపుతాయి కదా అని మొదలుపెట్టబోతే, "అది కాదు మేడమ్, పక్కపక్కనే ఉండే మామూలు కణాల సంగతి అడుగుతున్నాను" అంది. రేపు చెబుతానని కూర్చోబెట్టాను.

ఆ రాత్రి వెతికితే సెల్ కాంపిటీషన్, అంటే కణాల మధ్య పోటీ అని ఏకంగా ఒక పరిశోధన రంగమే ఉందని తెలిసింది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, నేను చెప్పిన ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ మాట నా కంటపడలేదు. చదువుతూ ఒక విషయం దగ్గర ఆగిపోయాను. పండు ఈగల్లో మైన్యూట్ అనే మ్యుటేషన్ ఉందట. ఒంటినిండా ఆ కణాలే ఉంటే ఈగ కాస్త ఆలస్యంగా పెరుగుతుంది గానీ బతుకుతుంది, ఎగురుతుంది, పిల్లల్ని కంటుంది. అవే కణాలు మామూలు కణాల మధ్య కొన్ని మాత్రమే ఉంటే చచ్చిపోతాయట. అంటే ఆ కణానికి చచ్చేంత జబ్బు లేదు. పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి దాని బతుకు ఉంది. ఇది నాకు మింగుడుపడలేదు. పక్కవాడు తనకంటే మెరుగని కణానికి ఎలా తెలుస్తుంది? కళ్లా, చెవులా? ఇంకొకటి, ఇదంతా మన శరీరానికి మేలు చేసేదా, కీడు చేసేదా? క్యాన్సర్ కణం కూడా పక్కవాటిని తోసేసి పెరిగేదే కదా. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. ఆ అమ్మాయికి తప్పు చెప్పకూడదు.

ఎమ్మెస్సీ రెండో ఏడు:

మేడమ్, ఇది కణాల స్థాయిలో జరిగే ప్రకృతి వరణం అనుకోండి, సులువుగా అర్థమవుతుంది. మైన్యూట్ కణంలో రైబోజోములు తక్కువ, ప్రొటీన్లు నెమ్మదిగా తయారవుతాయి, కాబట్టి నెమ్మదిగా పెరుగుతుంది. పక్కన వేగంగా పెరిగే కణం ఉంటే పోషకాలన్నీ అదే లాగేసుకుంటుంది, దీనికి మిగలవు, ఆకలికి చస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు లాక్కునేవాళ్లు లేరు కాబట్టి బతుకుతుంది. అంతే.

ఈగల ల్యాబ్:

ఎమ్మెస్సీ తమ్ముడూ, ఆ "అంతే" దగ్గరే నాకు అభ్యంతరం. నేను ఈగల లార్వాల్లో రెక్క డిస్కులు, అంటే తర్వాత రెక్కగా మారే కణాల పొరలు, కోసి చూసే పని చేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు కథ ఎక్కడ మొదలైందో చెబుతాను, ఎందుకంటే మేడమ్ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. 1970ల మొదట్లో స్పెయిన్‌లో మాడ్రిడ్‌లో గార్సియా-బెల్లిడో, రిపోల్, మొరాటా పండు ఈగ రెక్క ఎలా తయారవుతుందో చూస్తున్నారు. వాళ్లు చేసిన పనల్లా మైన్యూట్ లార్వా మీద ఎక్స్-కిరణాలు వేసి, అరుదుగా ఒక్కో కణంలో ఆ మ్యుటేషన్ పోయి అది మామూలు కణంగా మారేలా చెయ్యడం. ఆ ఒక్క కణం సంతానం చుట్టూ ఉన్న మైన్యూట్ కణాల చోటంతా ఆక్రమించుకుంటూ పోయింది. కొన్నిసార్లు రెక్కలో దాదాపు సగం దాని సంతానమే. కానీ ఎంత పెరిగినా రెక్క మధ్యలో కంటికి కనిపించని ఒక గీత దగ్గర టక్కున ఆగిపోయేది. రెక్కలో ముందు భాగం, వెనక భాగం అని రెండు కంపార్ట్‌మెంట్లు ఉన్నాయని 1973లో వాళ్లు అలాగే కనిపెట్టారు. అసలు వింత ఇంకోటుంది. ఒక కణం సంతానం అంత విపరీతంగా పెరిగినా రెక్క పెద్దదవలేదు, వంకర పోలేదు, మామూలు సైజులో మామూలు ఆకారంలోనే వచ్చింది. అంటే ఇవి పెరిగినంత మేరా అవతలివి తగ్గాలి. 1975లో మొరాటా, రిపోల్ తిరగేసి చూశారు, మామూలు ఈగలో చిన్నప్పుడే కొన్ని మైన్యూట్ కణాలు పుట్టేలా చేస్తే పెద్దయ్యేసరికి అవి కనిపించకుండా పోయాయి. సెల్ కాంపిటీషన్ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు ఆకలి సంగతి. ఆకలే కారణమైతే పోషకాలు రెక్క డిస్కు అంతటికీ ఒకే ద్రవం నుంచి అందుతాయి కాబట్టి దూరంగా ఉన్న మైన్యూట్ కణాలూ చావాలి. అలా జరగదు. చావు ఎక్కువగా సరిహద్దులోనే, రెండు రకాల కణాలు ఆనుకుని ఉన్నచోట కనిపిస్తుంది. కంపార్ట్‌మెంటు గీతకు ఇవతల మామూలు కణాలు, అవతల మైన్యూట్ కణాలు ఉంటే మాత్రం ఈ పోటీ ఆ గీత దాటదు. పైగా చచ్చే కణం నీరసించి ఆరిపోవడం కాదు, తనలోని కాస్పేస్‌లనే ప్రొటీన్లను కోసే ఎంజైములను మేల్కొలిపి, తన డీఎన్ఏను తనే ముక్కలు చేసుకుని, ఒక పద్ధతి ప్రకారం చస్తుంది. అదే అపోప్టోసిస్. ఆ కార్యక్రమాన్ని ఆపే జన్యువు పెడితే ఆ కణం చావకుండా అక్కడే ఉండిపోతుంది. ఆకలితో చచ్చేదైతే ఒక్క జన్యువు మార్చగానే ఎలా బతికిపోతుంది?

అయితే తమ్ముడు చెప్పింది పూర్తిగా గాలిమాట కాదు. 2002లో మొరెనో, బాస్లర్, మొరాటా చెప్పిన వివరణ దానికి దగ్గరగానే ఉంది. కాకపోతే అక్కడ కొరత అన్నానికి కాదు, డీపీపీ అనే సంకేత ప్రొటీనుకు. రెక్క కణాలు బతకడానికి ఆ సంకేతం అందుతూ ఉండాలి, నెమ్మది కణాలు దాన్ని సరిగా పట్టుకోలేవు, అందుకే చావు దారి పడతాయి అని. చాలామందికి అది నచ్చింది, కానీ తర్వాత వచ్చిన అన్ని ఉదాహరణలకూ అది సరిపోలేదు.

నన్ను బాగా కదిలించింది 2004 నాటి మిక్ ప్రయోగం. మిక్ అనేది కణం పెరుగుదలను పెంచే జన్యువు, మనుషుల్లో ఎన్నో క్యాన్సర్లలో దాని పేరు వినిపిస్తుంది. రెక్కలో కొన్ని కణాలకు కొంచెం ఎక్కువ మిక్ ఇస్తే, పక్కన ఉన్న మామూలు కణాలు చచ్చాయి! గమనించండి, చచ్చినవి ఏ లోపమూ లేని, నిక్షేపమైన ఆరోగ్యకరమైన కణాలు. నిన్నటిదాకా మైన్యూట్ కణాలను గెలిచిన కణాలే ఇక్కడ ఓడిపోయాయి. రెక్క మొత్తానికీ సమానంగా మిక్ పెంచితే మాత్రం ఈ పోటీ చావులు లేవు. కాబట్టి "బలహీన కణం" అనే మాట వాడేటప్పుడు జాగ్రత్త. బలం, బలహీనత కణం లోపల రాసిపెట్టి ఉండవు, పక్కదానితో తేడాలో ఉంటాయి. మేడమ్, మీరు ఆగిపోయిన చోటే నిజంగా ఆగాల్సిన చోటు. ఈ రంగంలో ఒక చావును పోటీ వల్ల వచ్చిందని ఒప్పుకోవాలంటే పెట్టే పరీక్ష కూడా అదే, తనవాళ్ల మధ్య ఉంటే బతకాలి, తేడా ఉన్నవాళ్ల పక్కన ఉంటే పోవాలి.

జీవశాస్త్రం టీచర్:

అబ్బ, రెండుసార్లు చదివాను. కంపార్ట్‌మెంటు గీత సంగతి ఎంత బాగుందో. మరి "ఎలా తెలుస్తుంది" అన్నది? డీపీపీ కాకపోతే ఇంకేమిటి?

ఈగల ల్యాబ్:

ఒక్క దారి కాదండీ, అదే ఇబ్బంది. మైన్యూట్ విషయంలో ఇప్పుడు బాగా నిలబడ్డది ఎక్స్ఆర్‌పీ1 అనే ప్రొటీను కథ. రైబోజోము ప్రొటీన్లలో ఒకటి సగానికి తగ్గితే మిగతావి జత దొరక్క పోగుబడతాయి, కణంలో ప్రొటీన్ల చెత్త పేరుకుంటుంది, అప్పుడు ఎక్స్ఆర్‌పీ1 పెరిగి కణాన్ని ఒక రకం ఒత్తిడి స్థితిలోకి నెడుతుంది. మైన్యూట్ కణం నుంచి ఎక్స్ఆర్‌పీ1 తీసేస్తే అది మామూలు కణాల పక్కనే హాయిగా ఉండిపోతుంది. రైబోజోముల కొరత అలాగే ఉంది, చావు మాత్రం పోయింది. అంటే కొరత కాదు చంపేది, కొరతను చూసి కణం తనలో మోగించుకునే గంట.

ఇంకో దారి, కణం పైపొర మీద గుర్తులు. ఫ్లవర్ అనే ప్రొటీను రెండు మూడు రూపాల్లో వస్తుంది. ఓడే కణం తన మీద "ఓడాను" అనే రూపాన్ని ఎక్కువగా చూపిస్తుందని 2010లో చూపించారు. అక్కడ కూడా గుర్తు ఉన్నంత మాత్రాన చావదు, పక్కవాటి మీద ఆ గుర్తు తక్కువగా ఉండాలి. అందరి మీదా ఒకేలా ఉంటే ఎవరూ చావరు. తర్వాత అజోట్ అనే జన్యువు దొరికింది, ఆ తేడాను కూడి లెక్కగట్టి చావు మొదలుపెట్టేది అదేనని. ఈగకు అజోట్ కాపీ ఒకటి ఎక్కువ ఇస్తే దెబ్బతిన్న కణాలు త్వరగా ఏరివేయబడి ఈగ ఎక్కువ కాలం బతికిందని 2015లో వచ్చింది.

పొరల మెకానిక్స్:

నేను కణాల పొరలను సాగదీసి, నొక్కి చూసే వైపు నుంచి వచ్చాను, కాబట్టి పైన ఎవరూ చెప్పనిది ఒకటి చెబుతాను. సంకేతమూ గుర్తూ ఏదీ లేకుండా కూడా పోటీ జరుగుతుంది, ఉత్త తోపులాటతో.

కుక్క మూత్రపిండం నుంచి తీసి దశాబ్దాలుగా ల్యాబుల్లో పెంచుతున్న ఎమ్‌డీసీకే అనే కణాలున్నాయి, గిన్నెలో చక్కగా ఒకే పొరగా పరుచుకుంటాయి. వాటిలో కొన్నింటిలో స్క్రిబుల్ అనే జన్యువును అణిచేస్తే ఆ కణాలు ఇరుకుకు తట్టుకోలేనివిగా మారతాయి. పక్కనున్న మామూలు కణాలు వాటి మీదికి జరుగుతూ వాటిని గుంపుగా కుదించేస్తాయి, కుదింపుకు వాటిలో పీ53 అనే, కణాన్ని చావు వైపు నెట్టగల ప్రొటీను పెరుగుతుంది, చస్తాయి. దీనికి మామూలు కణాలే అక్కర్లేదని కూడా చూపించారు. సాగే సిలికాన్ రేకు మీద స్క్రిబుల్ లేని కణాలనే పెంచి, రేకును వదులు చేసి చోటు తగ్గిస్తే అవి పొరుగు ఎవరూ లేకుండానే చచ్చాయి. అదే ఇరుకులో మామూలు కణాలు నిక్షేపంగా ఉన్నాయి. ఇది 2016 నాటి పని. నాకు ఈ ఫలితం చాలా ఇష్టం, ఎందుకంటే "కణానికి ఎలా తెలుస్తుంది" అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు ఏమీ తెలియక్కర్లేదని. అందరూ ఒకే చాప మీద కూర్చున్నారు, ఒకరు జరిగితే ఇంకొకరు నలుగుతారు, ఎవరు ఎంత నలిగితే ఓర్చుకోగలరన్నదే తేడా.

అసలు చంపకుండా గెంటేయడం కూడా ఉంది. అదే ఎమ్‌డీసీకే పొరలో ఒక కణంలో క్యాన్సర్ తెచ్చే రూపంలోని రాస్ జన్యువును పనిచేయిస్తే, చుట్టూ మామూలు కణాలుంటే ఆ కణం ప్రాణంతోనే పొర పైకి నెట్టబడుతుంది. చుట్టూ కూడా రాస్ కణాలే ఉంటే ఎవరూ ఎవరినీ నెట్టరు, అందరూ అలాగే ఉంటారు. 2009లో చూపించారు. తర్వాత చూస్తే నెట్టే పనికి మామూలు కణాలే ఆ వైపున ఫిలమిన్, వైమెంటిన్ అనే ప్రొటీన్లను పోగుచేసుకుంటాయని తేలింది. చేతుల్లాగా అనుకోండి. పేగు లాంటి చోట పైకి నెట్టడమంటే గొట్టం లోపలికి, అంటే శరీరం బయటికే. ఇంకో సంగతి, ఎలుకలకు కొవ్వు ఎక్కువున్న తిండి పెడితే పేగులోనూ క్లోమంలోనూ ఈ గెంటివేత మందగించింది. కాబట్టి ఇది గిన్నెలో మాత్రమే కనిపించే వింత కాదు.

పేథాలజీ స్లైడ్:

మేడమ్ అడిగిన రెండో ప్రశ్న, మేలా కీడా అని, దానికి నేను ప్రయత్నిస్తాను. రోజూ కణజాలపు ముక్కలే చూసే ఉద్యోగం నాది, ఈ పరిశోధనలు చదివాక నేను స్లైడు చూసే తీరే మారింది.

రెండు వైపులా ఉదాహరణలు గట్టివే ఉన్నాయి. మేలు చేసేది ముందు చెబుతాను. ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో టీ కణాల (ఒక రకం తెల్ల రక్తకణాల) పూర్వకణాలు ఉంటాయి, ఎముక మజ్జ నుంచి కొత్తవి వస్తూ ఉంటాయి, కొత్తవి పాతవాటిని తోసేస్తాయి. ఎలుకల్లో మజ్జ నుంచి కొత్తవి రాకుండా ఆపితే పాతవి ఖాళీ చెయ్యవు, అక్కడే తమను తాము తిరిగి పుట్టించుకుంటూ నెలల తరబడి ఉండిపోతాయి, చివరికి వాటి నుంచి టీ కణాల ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, వస్తుంది. 2014లో వచ్చిన ఈ పని చదివినప్పుడు నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను. క్యాన్సర్ తెచ్చే జన్యువును ఎవరూ చొప్పించలేదు, విషం ఇవ్వలేదు, పోటీ ఆపారు, అంతే. చోటు ఖాళీ చెయ్యాల్సిన కణం ఖాళీ చెయ్యకపోవడమే జబ్బుకు మొదలైంది.

ఇక కీడు. పెద్దపేగు క్యాన్సర్లలో చాలావరకు ఏపీసీ అనే జన్యువు పాడవడంతో మొదలవుతాయి. పేగు గోడలో క్రిప్టులని చిన్న గుంతలుంటాయి, ఒక్కో గుంత అడుగున కొత్త కణాలను పుట్టిస్తూ ఉండే కొన్ని మూలకణాలు. అవి మూలకణాలుగా ఉండాలంటే వాటికి డబ్ల్యూఎన్‌టీ అనే సంకేతం అందుతూ ఉండాలి. ఏపీసీ పాడైన కణం నోటమ్ అనే ఎంజైమును బయటికి వదులుతుంది, అది ఆ సంకేతాన్ని చెడగొడుతుంది. పక్కనున్న మామూలు మూలకణాలకు సంకేతం అందక అవి మూలకణాలుగా ఉండటం మానేసి మామూలు పేగు కణాలుగా మారి పైకి వెళ్లిపోతాయి. ఏపీసీ పాడైన కణానికి మాత్రం బయటి సంకేతంతో పనే లేదు, దాని లోపల ఆ సంకేతం పనిచేసే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తన ఇంట్లో దీపం ఉంచుకుని ఊరి దీపాలు ఆర్పేసినట్టు. 2021లో రెండు బృందాలు విడివిడిగా ఇదే చూపించాయి. ఎలుకలకు లిథియం ఇచ్చి మామూలు మూలకణాల్లో ఆ దారిని లోపలి నుంచే తెరిపిస్తే ఏపీసీ కణాలకు ఆ పైచేయి తగ్గిపోయింది. ఇక్కడ ఎవరూ చావలేదని గమనించండి. ఓడిపోవడమంటే ప్రతిసారీ చావే కానక్కర్లేదు, మూలకణం హోదా పోగొట్టుకోవడం కూడా ఓటమే.

మేలు, కీడు అని విడదీయలేనిది ఇంకోటుంది, దాన్ని వేరే రాస్తాను, ఇప్పుడు డ్యూటీ ఉంది.

ఎమ్మెస్సీ రెండో ఏడు:

నేను రాసింది తప్పని ఒప్పుకుంటున్నాను, ఈగల ల్యాబ్ గారూ, చావు ఎక్కువగా సరిహద్దులోనే అన్న విషయం నాకు తెలియదు. కానీ క్రిప్టుల మాట వచ్చింది కాబట్టి ఒకటి అడగాలి. ఎలుక పేగు క్రిప్టులో డజనుకు పైగా మూలకణాలుంటాయి, కొన్ని నెలలు గడిచేసరికి క్రిప్టు మొత్తం ఒకే మూలకణం సంతానంతో నిండిపోతుందని మాకు ఈ సెమిస్టర్‌లో చెప్పారు. కానీ ఆ గెలిచిన కణం మిగతావాటి కంటే ఏ రకంగానూ మెరుగు కాదు, ఉత్త అదృష్టం, పాచికలు వేసినట్టు. 2010లో రెండు బృందాలు లెక్కలతో సహా చూపించాయి. మరి ఇది కూడా పోటీయేనా? ఒకరు మిగిలి మిగతావాళ్లు పోయినంత మాత్రాన పోటీ అనేస్తే ఆ మాటకు అర్థం ఉండదు కదా.

ఈగల ల్యాబ్:

మంచి మాట, ఇది చాలామంది కలిపేస్తారు. చోటు పరిమితంగా ఉండి ఎవరో ఒకరు పోక తప్పనప్పుడు, అందరూ సమానులైనా చివరికి ఒకరి వంశమే మిగులుతుంది. దాన్ని తటస్థ పోటీ అని కొందరంటారు, నేనైతే పోటీ అనకుండా యాదృచ్ఛిక మార్పిడి అనే అంటాను. మైన్యూట్, మిక్ లాంటివాటిలో పాచికలు ఒకవైపుకు బరువెక్కి ఉంటాయి, అక్కడే పోటీ అనే మాట సరిపోతుంది. అయితే పాచికలు బరువెక్కినా పాచికలే. ఏపీసీ పాడైన మూలకణం కూడా ఎలుక క్రిప్టులో ప్రతిసారీ గెలవదు, చాలాసార్లు మామూలు కణాలే దాన్ని తోసేస్తాయి అని 2013లో చూశారు. పేథాలజీ స్లైడ్ గారు చెప్పిన దానికి ఇది విరుద్ధం కాదు, దానికి కొనసాగింపే. పైచేయి ఉండటం వేరు, గెలుపు ఖాయం కావడం వేరు.

ఇంకొక్క మాట, పోటీ అనగానే మనం కణాలకు ఉద్దేశాలు అంటగడతాం. నేను ల్యాబ్‌లో కొత్తగా వచ్చినవాళ్లకు "గెలిచిన కణం" అనకుండా "మిగిలిన కణం" అని రాయమని చెబుతాను. నేనే చాలాసార్లు మర్చిపోతాను, ఆ మాటల బలం అలాంటిది.

పేథాలజీ స్లైడ్:

ఇందాక ఆపింది రాస్తున్నాను. అన్నవాహిక. గొంతు నుంచి కడుపుకు వెళ్లే గొట్టం లోపలి పొర. 2018లో తొమ్మిదిమంది దాతల నుంచి, 20ల వయసు నుంచి 70ల వయసు దాకా, మైక్రోస్కోపులో ఏ తేడా లేని మామూలు అన్నవాహికను చిన్న చిన్న చదరాలుగా కోసి ప్రతి చదరం డీఎన్ఏ చదివారు. నడివయసువాళ్లలో, ముసలివాళ్లలో ఆ పొరలో 12 నుంచి 80 శాతం కణాల్లో నాచ్1 అనే జన్యువు మ్యుటేషన్ ఉంది. అంటే మామూలుగా కనిపించే పొర నిజానికి మ్యుటేషన్ ఉన్న క్లోన్ల, అంటే ఒక్కో కణం నుంచి పుట్టిన కణాల గుంపుల, అతుకుల బొంత. నేను ఏళ్ల తరబడి స్లైడు మీద "సాధారణం" అని రాసిన పొరల్లోనూ ఇదే ఉండి ఉంటుంది. ఆ క్లోన్లు అలా పరుచుకున్నది పక్కవాటిని తోసేసే.

అంత వ్యాపించింది కదా, మరి అన్నవాహిక క్యాన్సర్లో అది ఇంకా ఎక్కువ ఉండాలి కదా? లేదు, క్యాన్సర్లలోనే తక్కువ, పదిశాతం చుట్టూ. మామూలు పొరలోనే ఎక్కువ! ఇది చూసి అందరూ తలపట్టుకున్నారు. ఎలుకల్లో దీనికి ఒక జవాబు 2021లో వచ్చింది. ఒక రసాయనం ఇచ్చి అన్నవాహికలో కంటికి కనపడనంత చిన్న కంతులు పుట్టేలా చేస్తే, వాటిలో ఎక్కువ భాగం కొన్ని నెలల్లో మాయమయ్యాయి. రోగనిరోధక కణాలు చంపలేదు. చుట్టూ పరుచుకుంటూ వచ్చిన మ్యుటేషన్ క్లోన్లు ఆ బుల్లి కంతులను పొరలోంచి తోసేశాయి. ఒక మ్యుటేషన్ ఇంకో మ్యుటేషన్ నుంచి కాపాడింది. ఆ క్లోన్లలో నాచ్1 ముఖ్యమైనది, దాని మ్యుటేషన్ పొరలో పరుచుకోవడానికి పనికొస్తుంది గానీ కంతి పెరగడానికి పనికిరాదు. దీన్ని మేలు అనాలా కీడు అనాలా? పొరలో చోటు సంపాదించడానికి పనికొచ్చే గుణం వేరు, మొత్తం శరీరానికి పనికొచ్చే గుణం వేరు, ఈ రెండూ కొన్నిచోట్ల కలుస్తాయి, కొన్నిచోట్ల కలవవు. నేను చెప్పగలిగింది ఇంతే. ఎముక మజ్జలో కూడా వయసు పైబడేకొద్దీ డీఎన్ఎమ్‌టీ3ఏ, టెట్2 లాంటి జన్యువుల మ్యుటేషన్ ఉన్న క్లోన్లు పెరుగుతాయి, డెబ్బై దాటినవాళ్లలో పది శాతానికి మించి కనిపిస్తాయి, అక్కడ మాత్రం రక్త క్యాన్సర్ ముప్పు, గుండెజబ్బు ముప్పు రెండూ పెరుగుతాయి. అన్నవాహికలో కాపాడిన ఆట మజ్జలో కాపాడటం లేదు.

జీవశాస్త్రం టీచర్:

ఇవాళ క్లాసులో చెప్పాను. అనుకున్న పాఠం పక్కనపెట్టి నలభై నిమిషాలూ దీని మీదే గడిచాయి. బోర్డు మీద రెక్క గీసి మధ్యలో గీత గీసి, ఒక్క కణం సంతానం పెరుగుతూ పెరుగుతూ ఆ గీత దగ్గర ఆగిపోయిందని చెబితే క్లాసంతా నిశ్శబ్దం అయిపోయింది. ఒక అబ్బాయి "అయితే ఇది జబ్బున్నప్పుడే జరుగుతుందా, మాలాంటివాళ్లలో జరగదా?" అన్నాడు. అన్నవాహిక సంగతి చెప్పాను గానీ అది వయసు పైబడ్డవాళ్లది. ఏ మ్యుటేషనూ చొప్పించకుండా, మామూలుగా ఎదుగుతున్న శరీరంలో జరిగేది ఏమైనా ఉందా?

ఆ అమ్మాయి ఊరుకుంటుందా, ఇంకో ప్రశ్న వేసింది. "రెండు గెలిచే కణాలు ఎదురుపడితే ఏమవుతుంది మేడమ్?" అని. నా దగ్గర జవాబు లేదు.

ఈగల ల్యాబ్:

అబ్బాయికి జవాబు, ఉంది, పుట్టకముందే జరుగుతుంది. ఎలుక పిండం ఆరో రోజు ప్రాంతంలో, ఇంకా తల, తోక ఏర్పడకముందు, శరీరమంతా తయారవ్వాల్సిన ఎపిబ్లాస్ట్ అనే పొరలో కణాల మధ్య మిక్ స్థాయి సహజంగానే హెచ్చుతగ్గులుగా ఉంటుంది. తక్కువ ఉన్నవి చస్తాయి, ఎక్కువ ఉన్న పక్కవి వాటిని మింగేస్తాయి. ఎవరూ ఏ జన్యువూ మార్చలేదు. 2013లో రెండు బృందాలు ఈ దశలో పోటీని చూపించాయి, తర్వాత లెక్కగడితే అయిదున్నర, ఆరున్నర రోజుల మధ్య మూడోవంతు కణాలు ఇలా ఏరివేయబడుతున్నాయని తేలింది. ఆ పిండం ఆ తర్వాత మామూలుగానే పెరుగుతుంది. మైటోకాండ్రియా సరిగా పనిచెయ్యని కణాలు ఎక్కువగా ఓడేవాటిలో ఉంటాయి. ఆ దశలో మిగిలిన కణాల నుంచే తర్వాత గుడ్డు కణాలూ వీర్యకణాలూ వస్తాయి కాబట్టి ఏది మిగిలిందన్నది తర్వాతి తరానికీ సంబంధించిన విషయమే.

అమ్మాయి ప్రశ్నకు పేథాలజీ స్లైడ్ గారే సరైనవారు.

పేథాలజీ స్లైడ్:

ఆ అమ్మాయిని నా తరఫున మెచ్చుకోండి, సరిగ్గా ఆ ప్రశ్న మీదే 2020లో ఒక పరిశోధన వచ్చింది. ఎలుక అన్నవాహికలో మ్యుటేషన్లు ఎక్కువయ్యేలా చేసి క్లోన్లను నెలల తరబడి చూశారు. మొదట్లో నాచ్1 లాంటి మ్యుటేషన్ ఉన్న క్లోను చుట్టూ మామూలు కణాలే ఉంటాయి కాబట్టి అది గబగబా పరుచుకుంటుంది. పరుచుకుంటూ పోయి తనలాంటి బలమే ఉన్న ఇంకో క్లోనును ఢీకొంటుంది. అక్కడ ఆగిపోతుంది. చంపుకోవు, తోసుకోవు, సరిహద్దు అలా ఉండిపోతుంది, రెండు వైపులా కణాలు మామూలు పొరలో లాగే ఒకటి పోతే ఒకటి పుడుతూ సమానంగా నడుస్తాయి. ఆ పొర మొత్తం అలాంటి క్లోన్లతో నిండిపోయాక పెరుగుదల కూడా మామూలు వేగానికి వచ్చేస్తుంది. లోపల మ్యుటేషన్ మాత్రం అలాగే ఉంటుంది, ఒక్క ముక్క మారదు. మారింది పక్కన ఉన్నవాళ్లు.